ఫాల్స్ సీలింగ్‌పై చెమ్మ మరక: డాబా లీకేజీయా, ఏసీ గొట్టమా?

ప్రశ్న (కాకినాడ):
మాది అపార్టుమెంటులో పై అంతస్తు. పడకగదిలో జిప్సం ఫాల్స్ సీలింగ్ చేయించినప్పుడు ఏసీ రాగి గొట్టాలను దాని పైనుంచే బాల్కనీలోకి తీసుకువెళ్లారు. ఏప్రిల్ నుంచి సీలింగ్‌పై గోధుమరంగు మరక జానెడు వెడల్పున బారుగా సాగుతోంది. తెల్లవారుజామున ఒక్కోసారి చుక్కలు కూడా పడుతున్నాయి. మేస్త్రీ గారు డాబా అంతటికీ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలంటున్నారు. చేయించమంటారా?

సమాధానం:
ఇప్పుడే వద్దండి. వానలు మొదలుకాకముందే వచ్చి, గొట్టం దారి వెంబడే సాగుతున్న మరకకు డాబాను అనుమానించే ముందు ఏసీని అనుమానించాలి. గాలి 32 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉన్నప్పుడు సుమారు 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదనైనా నీరు పడుతుంది. ఏసీ గొట్టం అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది కనుక, తొడుగు లేని చోట ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలాగే చెమర్చి, ఆ నీటిని బోర్డు మీదికి వదులుతుంది.

రెండు రోజులు ఆ గదిలో ఏసీ వేయకుండా చూడండి. చుక్కలు ఆగి మరక ఆరితే సగం సంగతి తేలినట్లే. తర్వాత సీలింగ్ లైట్ల కరెంటు ఆపించి, మరక పక్కన అడుగు చదరం బోర్డు కోయించి, స్లాబు అడుగున ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. కాగితానికి, స్లాబుకు మధ్య తడి చేరితే నీరు పైనుంచి దిగుతున్నట్లు. కాగితం కిందివైపు చేరితే గాలిలోని తేమే. పైనుంచే అని తేలితే, డాబా తూములు మూసి నీళ్లు నిలబెట్టి, పిట్టగోడ మూలలతో సహా ఎక్కడ దిగుతోందో చూశాకే వాటర్‌ప్రూఫింగ్ మాట.

ప్రశ్న అడిగినవారు:
బోర్డు కోయించి చూశాము. స్లాబు పొడిగానే ఉంది. లావు గొట్టానికి నల్లటి తొడుగు ఉంది కానీ, సన్న గొట్టానికి టేపు మాత్రమే చుట్టి ఉంది. దాని కిందే బోర్డు మెత్తబడింది. సన్న గొట్టం చల్లబడదని మెకానిక్ అంటున్నారు.

సమాధానం:
ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీల్లో గ్యాసు పీడనం తగ్గించే భాగం సాధారణంగా బయటి యూనిట్‌లోనే ఉంటుంది కనుక, లోపలికి వచ్చే సన్న గొట్టం కూడా చల్లగానే ఉంటుంది. ఏసీ నడుస్తుండగా ఆయననే ముట్టుకుని చూడమనండి. రెండు గొట్టాలకూ విడివిడిగా నైట్రైల్ రబ్బరు తొడుగు వేయించి, అతుకులను జిగురుతో మూయించి, ఆ పైన టేపు చుట్టించండి. మీ తీరప్రాంతపు ఉక్కకు 19 మిల్లీమీటర్ల మందం అడగండి; డబ్బు మిగిలించుకోవలసిన చోటు ఇది కాదు. నీళ్లు పోయే పైపుకూ తొడుగు ఉండాలి, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలూ ఉండాలి. బాల్కనీ గోడలో గొట్టాల చుట్టూ ఉన్న సందును తప్పక మూయించండి, లేదంటే బయటి తేమగాలి నేరుగా సీలింగ్ పైకి చేరుతూనే ఉంటుంది.

మెత్తబడిన బోర్డు ముక్క ఆరినా గట్టిపడదు, కోసి మార్పించండి. పుట్టీ, రంగు మాత్రం ఏసీ వారం రోజులు నడిచి, పైన చెమ్మ లేదని నిర్ధారించుకున్నాకే. కోసిన చోట చిన్న తలుపు పెట్టిస్తే ఆ పరిశీలన సులువవుతుంది.