తోడి పెళ్లికూతుళ్లందరికీ ఒకే రంగు చీరలా?

కొబ్బరితోట:
మాఘమాసంలో మా చెల్లి పెళ్లి. అమలాపురం దగ్గర మా ఊళ్లోనే, ఇంటి ముందు కొబ్బరాకు పందిరి వేసి చేస్తున్నాం. మేనమామ గంపలో తెచ్చేటప్పుడు చెల్లి పక్కన నడిచేది ఆరుగురం: నేను, పిన్ని కూతుళ్లు ఇద్దరు, మేనత్త కూతురు, చెల్లి స్నేహితురాళ్లు ఇద్దరు. అందరికీ లేత గులాబి రంగు చీరలు కొనాలని చెల్లి కోరిక. అమ్మ ఆకుపచ్చ అంటోంది. మేనత్త అయితే "అందరికీ ఒకే రంగయితే మా అమ్మాయి రాదు" అని ఫోను పెట్టేసింది. ఏ రంగు తీసుకుంటే అందరూ ఒప్పుకుంటారు?

లంకగాలి:
కొబ్బరాకు పందిరి కింద ఆకుపచ్చ వద్దు. మా ఇంట్లో అలాగే కట్టించాం. ఫోటోల్లో ఆకులు బాగా పడ్డాయి, పిల్లలు కనబడలేదు.

మగ్గంఇల్లు:
మాది బండారులంక. రంగు ఏదైనా మీ ఇష్టం. ఆరు చీరలకూ నూలు ఒకేసారి అద్దించారా లేదా అన్నది చూసుకోండి. మా మగ్గం మీద ఒక పడుగుకు, అంటే ఒకసారి ఎక్కించిన నిలువు దారాలకు, మూడు నాలుగు చీరలు దిగుతాయి. ఆరు కావాలంటే రెండు పడుగులు వేయాలి. రెండో పడుగుకు మళ్లీ అద్దితే, ఎంత చేయి తిరిగినవాడు అద్దినా వెంట్రుకవాసి తేడా వస్తుంది. పగలు తెలియదు. రాత్రి ముహూర్తానికి దీపాల కింద పక్కపక్కన నిలబెడితే బయటపడుతుంది. లేత రంగుల్లో మరీను.

పాలకొల్లుపెద్దమ్మ:
లేత గులాబి వద్దమ్మా. ముహూర్తానికి పెళ్లికూతురు కట్టేది మధుపర్కాలు, ఎర్రంచు తెల్లచీర. దాని పక్కన లేత గులాబి వెలిసిపోయినట్టు ఉంటుంది. పైగా తలంబ్రాల పసుపు పడుతుంది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రగా మారుతుంది. ఇక ఆ చీర మళ్లీ కట్టేది కాదు.
అసలు నేను అడిగేది వేరు. ఆ చీరలు బొట్టు పెట్టి ఇస్తున్నారా, సంచిలో వేసి పంపుతున్నారా? మేనత్త కూతురికి పెట్టే చీర, స్నేహితురాలికి ఇచ్చే చీర ఒకటేనా?

రాజోలుఆడపిల్ల:
ఒకటే అయితే నష్టమేమిటి పెద్దమ్మగారూ? ఆ పూట అందరూ పెళ్లికూతురి పక్కన నిలబడేవాళ్లే. మేనత్త కూతురికి పట్టు, పిన్ని కూతురికి నూలు అని తూచి ఇస్తేనే మర్యాదా?

గోదారిగట్టు:
మా నరసాపురంలో, మా చర్చి పెళ్లిళ్లలో పెళ్లికూతురిది తెల్లచీర, తోడి పెళ్లికూతుళ్లది ఒకే రంగు. నేను చూసినంతలో దీని మీద తగవు రాలేదు.

పాలకొల్లుపెద్దమ్మ:
మీ పద్ధతి మీకు మంచిదే. మా ఇళ్లల్లో చీర పెట్టడమంటే కట్టుకోవడానికి బట్ట ఇవ్వడం కాదు. ఆ పిల్ల మనకు ఏమవుతుందో నలుగురిలో చెప్పడం. ఆరుగురికీ ఒకే చీర కట్టించి పందిరి రాటల్లా నిలబెడితే, ఎవరు ఎవరికి ఏమవుతారో ఎలా తెలుస్తుంది?

లంకగాలి:
అందరికీ ఉప్పాడ జాందానీ తీసుకోండి, గొడవే ఉండదు.

మగ్గంఇల్లు:
మాఘమాసానికి ఆరు జాందానీలా? ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బుటాలు పేకతోపాటు, అంటే అడ్డదారంతోపాటు, చేత్తో ఎక్కిస్తారు. చీర తిరగేసి చూసినా పువ్వు ఒకేలా ఉంటుంది. అంత పని తొందరపెడితే మీకు దొరికేది మర నేత. అసలు ఏ చీరలో ఇంకా ఎవరూ చెప్పలేదు. పట్టా, నూలా? ఒకే రంగు వేసినా పట్టు మీద ఒకలా, నూలు మీద ఇంకోలా కనిపిస్తుంది.

రాజోలుఆడపిల్ల:
పందిరి రాటలు అన్నారు కాబట్టి చెబుతున్నాను. నాకు పదిహేనేళ్లప్పుడు మా పెదనాన్న కూతురి పెళ్లి. ఆ ఏడు మా రొయ్యల చెరువుకు తెల్లమచ్చ తెగులు వచ్చి నాన్న అప్పుల్లో ఉన్నారు. అక్కచెల్లెళ్లందరూ కొత్త పట్టుచీరల్లో వచ్చారు. నేను అమ్మ పాత చీర కట్టుకున్నాను, వంగపండు రంగుది. ఫోటో తీసేటప్పుడు మా బంధువు ఒకావిడ "నువ్వు కాస్త వెనక్కి జరగమ్మా" అన్నారు. ఆల్బంలో నేను లేను. తలంబ్రాల పళ్లెం పట్టుకున్న నా చెయ్యి మాత్రం ఉంది. ఆ రోజు అందరికీ ఒకే చీర ఇచ్చి ఉంటే నన్ను వెనక్కి జరగమనేవారా? మీరు మర్యాద అంటున్నది ఉన్నవాళ్ల మర్యాద.

పాలకొల్లుపెద్దమ్మ:
నన్ను ఉన్నదాన్ని అనకు తల్లీ. నా సంగతీ విను. రెండేళ్ల కిందట నా మేనకోడలి పెళ్లి. ఆ ఇంటి ఆడపడుచుని నేను. చీర కొరియర్‌లో వచ్చింది. పైన నా పేరు కూడా లేదు, 4 అని అంకె వేసి ఉంది. మాకు ఇచ్చిన వరసలో నాలుగోదాన్నని తర్వాత తెలిసింది. బొట్టు పెట్టి పిలవడానికి ఎవరూ రాలేదు. మంచి నెమలికంఠం రంగు. ఈనాటికీ మడత విప్పలేదు. ఇంతసేపూ గులాబి, పసుపు మరక అని ఏవేవో చెప్పాను గానీ నాకు రంగుతో పని లేదు. ఇప్పటికైనా చెప్పాను.

రాజోలుఆడపిల్ల:
మిమ్మల్ని అలా చేసి ఉండకూడదు. కానీ బొట్టు పెట్టకపోవడం మీ అన్నగారింటి తప్పు, ఒకే రంగు తప్పు కాదు. నా మాట మీదే నేను ఉన్నాను.

పాలకొల్లుపెద్దమ్మ:
నా మాట మీద నేనూ ఉన్నాను. పిలుపు ముందు, చీర తర్వాత.

కొబ్బరితోట:
ఇవన్నీ చదివి రాత్రి మేనత్తకు మళ్లీ ఫోను చేశాను. గులాబి రంగు మాట ఎత్తనే లేదు ఆవిడ. "మీ అమ్మానాన్నా రాకుండా, నీ చెల్లి ఫోనులో రంగు పంపిస్తే మేం కట్టుకోవాలా?" అన్నారు. ఆదివారం అమ్మానాన్నా బొట్టు పెట్టి పిలవడానికి వెళ్తున్నారు.
ఇంకో మాట. పిన్ని చిన్న కూతురు నెల కిందటే "అక్కా, జాకెట్టు కుట్టుకూలి కూడా మీరే ఇస్తారా?" అని మెల్లగా అడిగింది. ఏమీ అనుకోకుండా నవ్వేసి ఊరుకున్నాను. ఇవాళ అమ్మకు చెప్పాను. ఆరుగురికీ కుట్టుకూలితో సహా మేమే ఇస్తున్నాం. నూలు చీరలే. రంగు మాత్రం ఇంకా తేలలేదు.

మగ్గంఇల్లు:
నూలైతే మంచిది. ఆదివారం తర్వాత ఆలస్యం చేయకండి. ఏ రంగైనా ఏడు చీరలకు నూలు ఒకేసారి అద్దించండి. నలుపు దారం కలవకుండా ముందే చెప్పండి, పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఏడోది చేతిలో ఉంటే, చివరి నిమిషంలో ఎవరు వచ్చినా అదే తొట్టిలో రంగు.