చెట్ల పలకల మీద శాస్త్రీయ నామం చివర రచయిత పేరు ఎలా రాయాలి?

నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి పార్కు చెట్లకు పేరు పలకలు రాయించే పని నాకు అప్పగించారు. శాస్త్రీయ నామంతో పాటు, ఆ పేరు పెట్టినవారి పేరు కూడా ఉండాలని మా సెక్రటరీగారి పట్టు.

చింతకు చివర 'ఎల్.' చాలు, అంటే ఆ పేరు పెట్టిన వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్. చిక్కంతా కానుగతోనే. 1753లో లిన్నేయస్ దాన్ని సైటిసస్ ప్రజాతిలో పెట్టాడు. తర్వాత పియర్ అనే మరో శాస్త్రవేత్త పొంగామియా ప్రజాతిలోకి మార్చాడు కాబట్టి 'పొంగామియా పిన్నేటా (ఎల్.) పియర్'. కొన్నిచోట్ల 'మిల్లెటియా పిన్నేటా (ఎల్.) పాణిగ్రాహి' అని ఉంది. బ్రాకెట్లో మొదట పేరు పెట్టినవారు, బయట మార్చినవారు, అంతవరకు అర్థమైంది. ఈ రెండింట్లో పలక మీద ఏది రాయించమంటారు?

తెల్లమద్దిది మరీ పొడుగు: 'టెర్మినేలియా అర్జున (రాక్స్‌బ్. ఎక్స్ డీసీ.) వైట్ & ఆర్న్.' రాక్స్‌బరో అనుకున్న పేరును డీసీ., అంటే డి కాండోల్, ప్రచురించాడని 'ఎక్స్'కి అర్థం. దానికి ముందున్న పేరు వదిలేసినా నియమాలు ఒప్పుకుంటాయట. కానీ రాక్స్‌బరో మన సామర్లకోటలో పనిచేసినవాడు, ఆయన పేరే కొట్టేయడానికి నాకు మనసొప్పట్లేదు. పలకేమో అడుగు వెడల్పే!

ఇంకోటి, ఈ పొట్టి పేర్లు తెలుగు లిపిలో రాయిస్తే బాగుంటుందా, రోమన్ లిపిలోనే ఉంచాలా? మొక్క పేరు వాలు అక్షరాల్లో, రచయిత పేరు మామూలు అక్షరాల్లో రాయాలంటే మా పెయింటర్ ఇప్పటికే విసుక్కుంటున్నాడు. ఏయూలో బాటనీ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.