బాండ్ 25: డానీ బాయిల్ తప్పుకున్నాడా, తప్పించారా?

హౌన్‌స్లో_పిల్ల · 22 ఆగస్టు 2018
నిన్న సాయంత్రం ఇంటికొస్తూ బస్సులో చూశాను. బాండ్ 25, అంటే 25వ జేమ్స్ బాండ్ సినిమా నుంచి దర్శకుడు డానీ బాయిల్ అవుట్. నిర్మాతలు మైకేల్ విల్సన్, బార్బరా బ్రకోలి, హీరో డేనియల్ క్రెయిగ్ ముగ్గురి పేరు మీదా ట్విట్టర్‌లో ఒకే వాక్యం: సృజనాత్మక విభేదాల వల్ల బాయిల్ ఈ సినిమా తీయకూడదని నిర్ణయించుకున్నాడట. ఆయన పేరు ప్రకటించింది మే 25న. డిసెంబర్ 3న పైన్‌వుడ్ స్టూడియోలో షూటింగ్ మొదలవ్వాలి, వచ్చే అక్టోబర్ 25న ఇక్కడ బ్రిటన్‌లో రిలీజ్.

2012 ఒలింపిక్స్ ప్రారంభం రోజున రాణిగారిని, క్రెయిగ్‌ని ఒకే ఫ్రేములో పెట్టిన మనిషి ఈయన. ఆ రాత్రి ఆరుగురం అద్దెకున్న ఇంట్లో సోఫాలో చోటు లేక మెట్ల మీద కూర్చుని చూశాను. బాండ్ సినిమా ఈయన తీస్తే బాగుండు అని అప్పుడే అనుకున్నా. మీరేమంటారు?

మినపట్టు · 22 ఆగస్టు
పోతే పోయాడు. క్రెయిగ్ ఉన్నాడుగా.

క్లాప్‌బోర్డు · 22 ఆగస్టు
పోలేదు బ్రదర్, పంపించారు. 'సృజనాత్మక విభేదాలు' అనే మాటకి మా సినిమావాళ్ల వాడలో అర్థం ఒకటే: ఆఫీసు తాళం మార్చారు. దర్శకుడి ప్రకటన దర్శకుడి పేరుతో రావాలి. ఇక్కడ సంతకాలు నిర్మాతలవీ, హీరోవీ. అందులోనే తెలియట్లేదా?

నైట్‌షో · 22 ఆగస్టు
ట్వీట్ సరిగ్గా చదవండి. 'నిర్ణయించుకున్నాడు' అని ఉంది. క్రియ ఎవరిది? బాయిల్‌ది. వాళ్లు తీసేస్తే 'మేం నిర్ణయించాం' అని రాసేవాళ్లు. ఆయనే షూటింగ్‌కి మూడున్నర నెలల ముందు చెయ్యెత్తేశాడు. ఇప్పుడా సినిమా చెప్పిన తేదీకి వస్తుందా?

క్లాప్‌బోర్డు · 22 ఆగస్టు
'గెంటేశాం' అని ట్వీట్ పెట్టే నిర్మాత ఈ భూమ్మీద ఉన్నాడా అండీ?

నైట్‌షో · 22 ఆగస్టు
ట్వీట్‌లో ఉన్నదాని గురించి నేను మాట్లాడుతున్నాను. లేనిదాని గురించి మీరు మాట్లాడుతున్నారు.

పాతరీలు · 22 ఆగస్టు
పిల్లలూ, ఇందులో వింతేం లేదు. 'ది స్పై హూ లవ్డ్ మీ'కి ముందు అనుకున్నది గై హామిల్టన్‌ని. 'గోల్డ్‌ఫింగర్' తీసిన హామిల్టన్. సూపర్‌మ్యాన్ సినిమా వచ్చిందని ఇది వదిలేసి అటు వెళ్లాడు, తీరా అదీ ఆయన తియ్యలేదు. బాండ్‌కి లూయిస్ గిల్బర్ట్ వచ్చాడు. ఏమైంది? మొదట్లోనే బాండ్ మంచుకొండ మీంచి స్కీయింగ్ చేస్తూ వచ్చి శూన్యంలోకి దూకేస్తాడు. సంగీతం ఆగిపోతుంది. మా వైజాగ్ హాల్లో వేరుశనక్కాయలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. అంతలో పారాచూట్ విచ్చుకుంటుంది, దాని మీద బ్రిటిష్ జెండా. హాలు దద్దరిల్లింది. మన దేశాన్ని ఏలినవాళ్ల జెండాకి మేమెందుకు ఈలలేశామో ఇప్పటికీ అర్థం కాదు. అప్పుడు ఒక్కడైనా దర్శకుడెవరని అడిగాడా? బాండ్ బాండే.

మినపట్టు · 22 ఆగస్టు
బాబాయ్ మొదలెట్టేశాడు. ఇంక రోజర్ మూర్ దాకా ఆగడు.

పాతరీలు · 22 ఆగస్టు
అందులో హీరో రోజర్ మూరే రా.

క్లాప్‌బోర్డు · 22 ఆగస్టు
పాతరీలు గారూ, మీరు చెప్పిన హామిల్టన్ వేరే అవకాశం వచ్చి వెళ్లాడు. బాయిల్‌కి ఏ సూపర్‌మ్యాన్ వచ్చింది? పోలికే కుదరదు.

పైగా ఒక సంగతి అందరూ మర్చిపోతున్నారు. ఈ సినిమాకి పర్విస్, వేడ్ అనే ఇద్దరు రచయితలు రాస్తున్నారని పోయినేడు జులైలోనే చెప్పారు. మొన్న మార్చిలో బాయిల్, తన దగ్గరో ఐడియా ఉందనీ, జాన్ హాడ్జ్ స్క్రిప్టు రాస్తున్నాడనీ చెప్పాడు. 'ట్రెయిన్‌స్పాటింగ్' రాసిన హాడ్జ్. అంటే చేతిలో ఉన్న కథ పక్కనపెట్టి మరీ ఆ ఐడియా కోసం ఈయన్ని పెట్టుకున్నారు. కథ నచ్చే కదా పిలిచారు? మరి ఆగస్టుకి ఏం మారింది?

నైట్‌షో · 22 ఆగస్టు
ఐడియా నచ్చుతుంది, స్క్రిప్టు నచ్చకపోవచ్చు. 'నిర్ణయించుకున్నాడు'కి మీ దగ్గర ఇంకా సమాధానం రాలేదు.

హౌన్‌స్లో_పిల్ల · 23 ఆగస్టు
ఇక్కడి పేపర్లు తలో రకంగా రాస్తున్నాయి. విలన్‌గా పోలండ్ నటుడు కావాలన్నాడని ఒకటి, బాండ్‌ని చంపేద్దామంటే ఒప్పుకోలేదని ఇంకొకటి. ఏదీ ఖాయం కాదు. మీరిద్దరూ ఆ ఒక్క క్రియాపదం వదిలేస్తే మిగతాది మాట్లాడుకోవచ్చు.

నైట్‌షో · 23 ఆగస్టు
వదలను. ఎందుకో చెప్తాను. మాది గోదావరి పక్కన చిన్న ఊళ్లో హాలు. నేను డిగ్రీలో ఉండగా నాన్న ఒక సంక్రాంతి సినిమాకి అడ్వాన్స్ కట్టారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. దర్శకుడికి క్లైమాక్స్ నచ్చలేదు. మళ్లీ తీశాడు. సంక్రాంతి పోయింది. పోస్టర్ల మీద తేదీ దగ్గర తెల్ల కాగితం ముక్క అంటించి కొత్త తేదీ రాశాం. దర్శకుడికి రీరికార్డింగ్ నచ్చలేదు. ఇంకో ముక్క. మూడోసారికి కాగితం అంత మందమైపోయి, ఎండకి పెచ్చులా ఊడి కింద మొదటి తేదీ కనపడేది. జనం ఆగి చదివి నవ్వేవాళ్లు. సినిమా జూన్‌లో వచ్చింది, రెండో వారానికి తీసేశాం. ఆ అప్పు నేను ఉద్యోగంలో చేరాక తీరింది. ఆ దర్శకుడు ఇంటర్వ్యూల్లో 'నేను రాజీపడను' అంటూంటాడు. రాజీపడింది ఎవరండీ?

అందుకే నాకు బాయిల్ అయినా ఒకటే, ఇంకొకడైనా ఒకటే. 'ఇక తియ్యను' అనేసి వెళ్లిపోయేవాడంటే నాకు గౌరవం లేదు.

మినపట్టు · 23 ఆగస్టు
లండన్‌లో ట్వీట్ పడితే గోదావరిలో అప్పు తేలింది.

కొత్తవాడు99 · 23 ఆగస్టు
బాండ్ సినిమాలు ఏ ఆర్డర్‌లో చూడాలి అన్నా? ఎవరైనా లిస్ట్ పెట్టండి.

క్లాప్‌బోర్డు · 23 ఆగస్టు
నైట్‌షో గారూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ అది చేసినవాడు సినిమా పట్టుకుని వేలాడినవాడు, వదిలి వెళ్లినవాడు కాదు. మీ ఉదాహరణ మీకే అడ్డం తిరిగింది.

కథ తేలకుండా సెట్‌కి వెళ్తే ఏమవుతుందో బాండ్ వాళ్లకే తెలుసు. 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్' అప్పుడు రచయితల సమ్మె. క్రెయిగ్, దర్శకుడు మార్క్ ఫోర్‌స్టర్ కూర్చుని సీన్లు రాసుకున్నామని క్రెయిగే చెప్పాడు. ఆ సినిమాలో కథేంటో ఇక్కడ ఒక్కరు చెప్పండి, బిర్యానీ నాది.

మినపట్టు · 23 ఆగస్టు
నీళ్లు దొంగిలిస్తారు. బిర్యానీ ఎక్కడికి రావాలి?

పాతరీలు · 23 ఆగస్టు
ఆ సంస్థ పద్ధతే వేరు బాబూ. ఎడిటింగ్ చేసిన పీటర్ హంట్‌ని పిలిచి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' ఇచ్చారు. ఎడిటింగ్, సెకండ్ యూనిట్ చేసిన జాన్ గ్లెన్‌కి వరసగా ఐదు ఇచ్చారు, 1981 నుంచి 1989 దాకా. మన ఉదయ్‌పూర్‌లో తీసిన 'ఆక్టోపస్సీ' కూడా ఆయనదే. అదే స్పీల్‌బర్గ్ తనంతట తాను అడిగితే ఇవ్వలేదు. ఇల్లు వాళ్లది, అల్లుడు ఇల్లరికం రావాలి. బాయిల్ ఆస్కార్ మెడలో వేసుకుని వచ్చిన అల్లుడు. ఎన్నాళ్లుంటాడు?

నైట్‌షో · 23 ఆగస్టు
అదీ మాట. 'స్లమ్‌డాగ్'కి ఎనిమిది ఆస్కార్లు వస్తే రావచ్చు. ఇది ఆయన సినిమా కాదు, బాండ్ సినిమా. కృష్ణానగర్‌లో టీ బండి దగ్గర నిలబడ్డ ప్రతివాడూ తానే డానీ బాయిల్ అనుకుంటే ఇట్లాగే ఉంటుంది.

క్లాప్‌బోర్డు · 23 ఆగస్టు
టీ బండి దాకా వచ్చిందా? సరే. ఇంటర్వెల్‌లో సమోసాలమ్మే వాళ్లు మాకు కథ గురించి చెప్పడమేంటి? మీ హాల్లో ఏసీ ఇంటర్వెల్ దాకానే వేస్తారు. సెకండాఫ్‌లో ప్రేక్షకుడు ఆవిరైపోతుంటే దర్శకుడిదా తప్పు?

నైట్‌షో · 23 ఆగస్టు
ఆ ఏసీ బిల్లు నువ్వు కట్టు, క్లైమాక్స్ దాకా వేస్తా. కథలు రాసి కడతావా?

మోడరేటర్ · 23 ఆగస్టు
ఇద్దరూ ఆపండి. ఏసీ గురించి ఇంకో పోస్టు వస్తే థ్రెడ్ మూసేస్తాను.

మినపట్టు · 23 ఆగస్టు
'స్పెక్టర్'లో ముద్దుని మన సెన్సారోళ్లు సగానికి కోశారు. సృజనాత్మక విభేదం అంటే అదీ.

క్లాప్‌బోర్డు · 24 ఆగస్టు
రాత్రి నిద్ర పట్టలేదు, కాబట్టి రాస్తున్నాను. తర్వాత డిలీట్ చేస్తానేమో.

ఏడేళ్లు అసిస్టెంట్‌గా, కో డైరెక్టర్‌గా చేశాక నా కథ ఒక ఆఫీసులో ఓకే అయ్యింది. నేను వెంటపడలేదు, వాళ్లే పిలిచారు. హీరో విన్నాడు, కౌగిలించుకున్నాడు. నాలుగు నెలలు ఆ ఆఫీసులో కూర్చుని సీన్లు రాశాను. రోజూ ఉదయం ఆఫీస్ బాయ్ 'అన్నా, ఇడ్లీనా దోశా?' అని అడిగేవాడు. ఒకరోజు అడగలేదు. పన్నెండింటికి నేనే అడిగితే, 'ఇవాళ్టి నుంచి మీకు చెప్పద్దన్నారన్నా' అని తల దించుకున్నాడు. నిర్మాత చెప్పలేదు, హీరో చెప్పలేదు, టిఫిన్ చెప్పింది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది, ఫలానా దర్శకుడు వ్యక్తిగత కారణాల వల్ల తప్పుకోవాలని నిర్ణయించుకున్నాడని. క్రియ నాదే. నిర్ణయం ఎవరిదండీ నైట్‌షో గారూ?

హౌన్‌స్లో_పిల్ల · 24 ఆగస్టు
అయ్యో. డిలీట్ చెయ్యకండి.

నైట్‌షో · 24 ఆగస్టు
ఇది ముందే చెప్పుంటే టీ బండి మాట అనేవాణ్ణి కాదు. అది వెనక్కి తీసుకుంటున్నా.

కానీ అసలు మాట చెప్తాను, మళ్లీ కోపం తెచ్చుకోకండి. కథ మీది. కాదనను. సినిమా మీది కాదు. డబ్బు పెట్టినవాడిది, దాన్ని నమ్మి అడ్వాన్స్ కట్టినవాడిది. నచ్చకపోతే మార్చుకునే హక్కు వాళ్లకి ఉండాలి. లేకపోతే మా నాన్నలాంటి వాళ్లు మునుగుతారు. టిఫిన్ ఆపి చెప్పడం నీచం, ముఖాన చెప్పాలి. చెప్పే పద్ధతి తప్పు, హక్కు తప్పు కాదు.

క్లాప్‌బోర్డు · 24 ఆగస్టు
మీకూ నాకూ కుదరనిది ఇక్కడే. హక్కుంటే పిలవకముందు వాడుకోవాలి. ఊరికే ఉన్నవాణ్ణి పిలిచి, నీ ఐడియా కావాలని చెప్పి, మూడో నెలలో ఇది మా ఇల్లు అంటే? వాళ్లకి చెప్పినట్టు తీసేవాడే కావాలంటే దొరకడా? పేరు కోసం బాయిల్ కావాలి, బుర్ర మాత్రం గేటు బయట వదిలి రావాలి. డబ్బు పెట్టినవాడికి వడ్డీ లెక్క ఉంది. నా నాలుగు నెలలకి నూటికెంత?

పాతరీలు · 24 ఆగస్టు
సినిమా డబ్బు పెట్టినవాడిదీ కాదు, రాసినవాడిదీ కాదు, టికెట్ కొన్నవాడిది. నాకు బాండ్ మారకూడదు, అంతే.

(దీనికి ఎవరూ జవాబివ్వరని తెలుసు.)

కొత్తవాడు99 · 25 ఆగస్టు
అన్నా ఆ లిస్ట్?

పాతరీలు · 25 ఆగస్టు
'డాక్టర్ నో' 1962 నుంచి మొదలుపెట్టు నాయనా. ఈలోగా మన కృష్ణగారి 'గూఢచారి 116' చూడు, 1966. ఈ నెల మూడున వచ్చిన 'గూఢచారి' హాళ్లలో ఉంది, అదీ చూడు.

హౌన్‌స్లో_పిల్ల · 20 సెప్టెంబర్ 2018
కొత్త దర్శకుడు కేరీ జోజి ఫుకునాగ. రిలీజ్ 14 ఫిబ్రవరి 2020.

నైట్‌షో · 20 సెప్టెంబర్ 2018
మొదటి తెల్ల కాగితం ముక్క అంటించారు.

నైట్‌షో · 1 అక్టోబర్ 2021
నిన్న వచ్చింది మొత్తానికి. అక్టోబర్ 2019, ఫిబ్రవరి 2020, ఏప్రిల్ 2020, నవంబర్ 2020, ఏప్రిల్ 2021, చివరికి సెప్టెంబర్ 30. ఆరో తేదీ. తెలుగు డబ్బింగ్ చూశాను, బాగుంది.

క్లాప్‌బోర్డు · 1 అక్టోబర్ 2021
కరోనా కూడా బాయిల్ ఖాతాలో రాస్తున్నారా?

నైట్‌షో · 1 అక్టోబర్ 2021
మొదటి రెండు మార్పులూ కరోనాకి ముందువి. లెక్క చూసుకోండి.

పాతరీలు · 2 అక్టోబర్ 2021
చంపేశారు. బాండ్‌ని చంపేశారు. నేనింక ఈ థ్రెడ్‌కి రాను.

మినపట్టు · 2 అక్టోబర్ 2021
బాబాయ్, నేనింకా చూడలేదు!!

క్లాప్‌బోర్డు · 12 నవంబర్ 2022
బాయిల్ ఇంటర్వ్యూలో నోరు విప్పాడు. వాళ్ల కథ ఇప్పటి రష్యాలో జరుగుతుందట, బాండ్ మూలాల్లోకి వెళ్తుందట. బాగానే వస్తోంది అనుకుంటుండగా నిర్మాతలకి దాని మీద నమ్మకం పోయిందట. నాలుగేళ్లు పట్టింది. నైట్‌షో గారూ, ఇప్పుడు చెప్పండి.

నైట్‌షో · 12 నవంబర్ 2022
నమ్మకం పోయిందన్నాడు. తీసేశారని అనలేదు.

హౌన్‌స్లో_పిల్ల · 12 నవంబర్ 2022
దండం మీ ఇద్దరికీ. క్లాప్‌బోర్డు గారూ, మీ కథ ఏమైంది?

క్లాప్‌బోర్డు · 13 నవంబర్ 2022
వాళ్ల దగ్గరే ఉంది. వేరేవాళ్లతో తీస్తున్నారు. టైటిల్ మార్చారు, హీరో చెల్లెల్ని అక్క చేశారు.

నైట్‌షో · 13 నవంబర్ 2022
రిలీజ్ ఎప్పుడట?