సెన్సెక్స్ పతనాన్ని బొమ్మలో ఎలా చూపాలి? (బిజినెస్ పేజీ గ్రాఫిక్స్)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లు జిల్లా కేంద్రంలో న్యూస్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి, నాలుగు నెలల కిందట ఒక దినపత్రిక బిజినెస్ డెస్కులో గ్రాఫిక్స్ పనికి మారాను. మిర్చి యార్డులో టిక్కీల మధ్య నిలబడి ఫొటో తీయడం తెలిసినంతగా నాకు అంకెలు తెలియవు. మొన్న సెన్సెక్స్ 81,000 దాపు నుంచి 80,000 దాపుకు దిగినప్పుడు నేను వేసిన బార్ చార్టు చూసి, మార్కెట్ సగానికి సగం పడిపోయిందా అని పాఠకులొకరు కార్యాలయానికి ఫోన్ చేశారు. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి, కాకపోతే స్కేలును 79,000 దగ్గర మొదలుపెట్టాను. సున్నా నుంచి మొదలుపెడితే రెండు బార్లూ ఒకే ఎత్తున కనబడి, అసలు వార్తే లేనట్టు ఉంటోంది. ఏం చేయాలో చెప్పగలరు.

మొదటి జవాబు:
ఆ పాఠకుడు పొరబడలేదండీ, మీ బొమ్మ చెప్పినదే ఆయన చదివారు. బార్ చార్టులో కన్ను కొలిచేది ఎత్తును కనుక, 79,000 నుంచి లేచిన రెండో బారు మొదటిదానిలో సగమే ఉంటుంది, అసలు తగ్గుదల 1.2 శాతమే అయినా సరే. సెన్సెక్స్ వంటి స్టాక్ మార్కెట్ సూచీలకు బార్లు మానేసి లైన్ చార్టు వాడండి. అందులో కన్ను చూసేది వాలును కాబట్టి సున్నా తప్పనిసరి కాదు, అయితే ఒక్క రోజును కాక కనీసం ఆరు నెలల కదలికను చూపి, చివరి బిందువు పక్కన తగ్గుదలను శాతంలో రాయాలి.

పాయింట్లను మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో చూడండి. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజున, సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడింది. 2020 మార్చి 23న, కరోనా భయంలో, పడింది 3,934 పాయింట్లే. పాయింట్ల బార్లు పక్కపక్కన వేస్తే 2024 పతనమే పెద్దదిగా కనబడుతుంది, కానీ శాతాల్లో అది 5.7 అయితే 2020 నాటిది 13.2. రిపోర్టర్ కాపీలో పాయింట్లు మాత్రమే ఉంటే, శాతం అడిగి తీసుకోవడం మీ పనేనని నా అభిప్రాయం.

రెండో జవాబు:
పై మాటకు ఒక చేర్పు. రెపో రేటును (బ్యాంకులకిచ్చే అప్పుపై రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ రేటును) మామూలు లైనుతో కలపకండి, మెట్ల ఆకారంలో గీయండి. 2023 ఫిబ్రవరిలో 6.50 శాతానికి చేరిన రేటు రెండేళ్లు కదలకుండా ఉండి, 2025 ఫిబ్రవరిలో 6.25కు, ఏప్రిల్‌లో 6.00కు, జూన్‌లో 5.50కు దిగింది. ఈ బిందువులను ఏటవాలు గీతతో కలిపితే రేటు రోజూ కొంచెం కొంచెం జారినట్టు కనబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరో రెండు చిక్కులు. బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లేబుళ్ల వత్తులు విడిపోతున్నాయి. ఇక బడ్జెట్ రోజున ప్రభుత్వానికి ప్రతి రూపాయీ ఎక్కడి నుంచి వస్తుందో, ఎటు పోతుందో చూపే ‘రూపాయి రాక, పోక’ బొమ్మ వేసే బాధ్యత నాకే అప్పగించారు, అందులో జాగ్రత్తలేమిటి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వత్తుల సంగతి తేలికే. ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో దక్షిణాసియా కంపోజర్ ఎంచుకోండి. డెస్కు నుంచి అను ఫాంటులో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటులో) వచ్చిన మాటలను యూనికోడ్‌లోకి మార్చాకే అతికించండి.

బడ్జెట్ బొమ్మతోనే అసలు తంటా. 2025-26 బడ్జెట్ పత్రం ప్రకారం వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పే, ఆదాయపు పన్ను 22 పైసలు, జీఎస్టీ 18, కార్పొరేట్ పన్ను 17. అప్పు కూడా కలిసి ఉన్నందున ఆ బొమ్మకు ‘ప్రభుత్వ ఆదాయం’ అని శీర్షిక పెడితే తప్పవుతుంది. ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: పన్నుల్లో రాష్ట్రాలకు పంచే వాటా కూడా ఈ రూపాయిలో ఉంటుంది గాని, ఆ ఏటి బడ్జెట్ మొత్తంగా చెప్పే 50.65 లక్షల కోట్లలో ఉండదు. కాబట్టి గుండ్రటి బొమ్మ నడుమ ఆ మొత్తాన్ని పెద్దక్షరాలతో వేయకండి. వేయమని పైనుంచి ఒత్తిడి వస్తే విడిగా పెట్టెలో వేయండి. చార్టు కింద సన్నక్షరాల్లో ‘రాష్ట్రాల వాటాతో కలిపి’ అన్న ముక్క ఉంచండి. పేజీలో చోటు చాలక మొదట కోసేసేది ఆ ముక్కనే కాబట్టి, పేజీ అచ్చుకు వెళ్లేముందు అది ఉందో లేదో మరోసారి చూసుకోండి.