ఇంటర్నెట్ పెరిగితే అసంఘటిత రంగం తగ్గుతుందా?

లెక్కల మాస్టారు:
అందరి చేతుల్లోకీ ఇంటర్నెట్ వస్తే లెక్కకు రాని వ్యాపారం దానంతటదే తగ్గిపోతుందని మొన్న ఒకరు రాశారు. నాకైతే నమ్మకం లేదు. కెన్యాలో ఫోన్‌తో డబ్బు పంపే ఎంపెసా 2007లో వచ్చింది. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్లోనే డబ్బు తీసుకుంటారు. అయినా అక్కడ పనిచేసేవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది ఇంకా అసంఘటిత రంగంలోనే ఉన్నారు.

జమాఖర్చు:
ఎంపెసా మొదలైంది బటన్ ఫోన్లలో, సిమ్ మెనూ మీదండీ. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. దక్షిణ కొరియాను చూడండి. కార్డుతో కొన్నవాళ్లకు 1999 నుంచి ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చారు. 2005లో నగదు రసీదులకూ ఇచ్చారు. కొనేవాళ్లే బిల్లు అడగడం మొదలుపెట్టాక కొట్టువాడు అమ్మకం ఎక్కడ దాస్తాడు?

లెక్కల మాస్టారు:
ఎంపెసా మాట నిజమే. కానీ కొరియాలో పనిచేసింది రాయితీ కదా, ఇంటర్నెట్ కాదుగా?

బెంగళూరు బాబాయ్:
మా ఊరి సంగతి వినండి. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు వేలల్లో జీఎస్టీ నోటీసులు పంపింది. సరుకులమ్మితే ఏడాదికి 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటాక రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నిబంధన అదే. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షలు కట్టమని వచ్చింది. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు! తెల్లారేసరికి టీకొట్లు, బేకరీలు క్యూఆర్ కోడ్‌లు పీకేసి "ఓన్లీ క్యాష్" అని కాగితాలు అంటించాయి. గొడవ ముదిరాక, రిజిస్టర్ చేసుకుంటే పాత బకాయిలు అడగమని ముఖ్యమంత్రి అన్నారు. ఇంతకీ ఇంటర్నెట్ వాళ్లను లెక్కల్లోకి తెచ్చిందా, తరిమేసిందా?

జమాఖర్చు:
బాబాయ్, నా జీతంలో టీడీఎస్ అడక్కుండానే కోస్తారు. కోటి అమ్మేవాడికి మాత్రం జాలి చూపాలా? కోటిన్నర టర్నోవర్ లోపు వాళ్లకు తక్కువ పన్నుతో సరిపెట్టే కాంపోజిషన్ స్కీమ్ ఉంది, కొట్లకు ఒక్క శాతమే.

బెంగళూరు బాబాయ్:
ఉంది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత నోటీసు పంపాలి. పైగా యూపీఐలో పడిందల్లా అమ్మకం కాదు, బావమరిది తీర్చిన చేబదులు కూడా అందులోనే ఉంటుంది.

హైటెక్ సిటీ రైడర్:
మీరంతా కొట్ల గురించే మాట్లాడుతున్నారు. నేను డెలివరీ చేసే ప్రతి ఆర్డరూ, ప్రతి నిమిషమూ యాప్‌లో రికార్డు అవుతుంది. పీఎఫ్ మాత్రం లేదు. 2020-21లో మాలాంటివాళ్లు 77 లక్షలని నీతి ఆయోగ్ లెక్క, 2029-30కి 2.35 కోట్లట. అంటే ఇంటర్నెట్ అసంఘటిత పనిని పెంచుతోందా, తగ్గిస్తోందా?

జమాఖర్చు:
మీ విషయంలో నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. కొట్ల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా.