‘ద టూరిస్ట్’ చూశాక తమ్ముడి గురించి ఒకటే బెంగ: పోర్ట్ అగస్టా నిజంగా అలాగే ఉంటుందా?

కళ్యాణదుర్గం_అక్క:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు నర్సు. ఆస్ట్రేలియాలో పోర్ట్ అగస్టా అనే ఊళ్ళో, వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ప్రయాణం. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. మా ఆయన ఫోన్‌లో వెతికి, ఆ చుట్టుపక్కలే తీసిన సిరీస్ ఒకటుంది, ఊరెలా ఉందో చూద్దాం రమ్మన్నారు. 2022లో వచ్చిన ‘ద టూరిస్ట్’ అది. మూడు ఎపిసోడ్లు చూశాను. నాలుగోది పెట్టుకోవాలంటే చెయ్యి రావడం లేదు.

చూడనివాళ్ళ కోసం చెప్తాను. ఒకతను ఎడారిలో ఒంటరిగా కారులో పోతుంటాడు. ఎందుకో తెలియదు, ఒక పెద్ద లారీ వెంటపడి గుద్దేస్తుంది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి తన పేరు కూడా గుర్తుండదు. జేబులో దొరికిన చీటీ పట్టుకుని బర్న్ట్ రిడ్జ్ అనే చిన్న ఊరికి వెళ్తాడు. అక్కడ హోటల్లో బాంబు పేలుతుంది. ఇంకెక్కడో భూమిలో పాతిపెట్టిన మనిషి ఫోన్ చేసి కాపాడమంటాడు. ఒక్కొక్కరే ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరికి చేరుతుంటారు, ఎవరిని నమ్మాలో అర్థం కాదు.

కథేనని నాకు తెలుసు. నన్ను భయపెట్టింది ఆ రోడ్డు. ఎండ, ఎర్రమట్టి, వాన పడని ఏడు మాకు కొత్త కాదు. కానీ మా బీళ్ళలో ఎంత మిట్టమధ్యాహ్నమైనా గొర్రెలు తోలుకుపోయే మనిషి ఒకడు కనిపిస్తాడు. అక్కడ పిలిస్తే పలికేవాళ్ళు లేరు.

తమ్ముడు మాట తక్కువ మనిషి. నాన్న పోయినప్పుడు మూడు రోజులు నోరు తెరవలేదు. అలాంటివాడు అక్కడ ఒక్కడే ఎలా ఉంటాడు? బండి ఆగిపోతే ఏం చేస్తారు? మనవాళ్ళు ఉన్నారా? తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

అడిలైడ్_బాబాయ్:

అమ్మా, ముందొక విషయం. బర్న్ట్ రిడ్జ్ అనే ఊరు మ్యాపులో లేదు, కథ కోసం పెట్టుకున్న పేరు. సిరీస్‌ను పోర్ట్ అగస్టాతో పాటు క్వోర్న్, పీటర్‌బరో, ఫ్లిండర్స్ కొండల దగ్గర తీశారు. పోర్ట్ అగస్టా సముద్రపు పాయ ఒడ్డున ఉంది. పెద్ద నగరమైన అడిలైడ్ నుంచి సుమారు 300 కి.మీ., కారులో మూడున్నర గంటలు. ఆసుపత్రి, సూపర్ మార్కెట్లు, బడులు, అన్నీ ఉన్నాయి. మీరు చూసిన ఎడారి, ఈ ఊరు దాటి ఉత్తరానికి పోతే మొదలవుతుంది.

మందులషాపు_పద్మ:

అక్కా, నేను పోర్ట్ అగస్టాలో మందుల షాపులో నాలుగేళ్ళు పనిచేశాను. మీ పోస్టు చదువుతుంటే మా అమ్మ గొంతు వినిపించింది.

భయపడాల్సినవి ముందు చెప్తాను, దాచను. ఉత్తర కొసనున్న డార్విన్ నగరం దాకా పోయే స్టూవర్ట్ హైవే ఆ ఊరి దగ్గరే మొదలవుతుంది, 2,700 కి.మీ. పైనే. దారిలో గ్లెన్‌డాంబో దాటాక కూబర్ పీడీ వచ్చేదాకా 250 కి.మీ. పెట్రోలు బంకు లేదు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. సిరీస్‌లో లారీ మీకు పెద్దదిగా కనిపించింది కదా, అక్కడ మూడేసి ట్రైలర్లు లాగే రోడ్ ట్రైన్లు తిరుగుతాయి, 53 మీటర్ల పొడవు. ఎదురుగా వచ్చి దాటిపోతే మన కారు ఊగుతుంది. ఇక పొద్దు వాలాక కంగారూలు రోడ్డెక్కుతాయి. తమ్ముడికి గట్టిగా చెప్పండి, చీకట్లో ఊరు దాటొద్దని.

నాకు జరిగింది కూడా చెప్తాను. ఒక జనవరిలో మా ఆయనతో కూబర్ పీడీ బయల్దేరాను. అక్కడ భూమిలో తొలిచిన ఇళ్ళుంటాయి, ఓపల్ రాళ్ళ గనుల ఊరు. గ్లెన్‌డాంబో దాటి గంట కాకముందే టైరు పేలింది. స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు. బయట 44 డిగ్రీలు. ఆ గుట్ట ఎక్కితే సిగ్నల్ దొరుకుతుందేమో, నడిచి చూసొస్తానన్నారాయన. నేను చొక్కా పట్టుకుని ఆపాను. నాకు అక్కడ మొదట నేర్పిన మాట అదే: బండి వదిలి పోవద్దు. పైనుంచి వెతికేవాళ్ళకు బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. కారు నీడలో కూర్చుని, తెచ్చుకున్న పది లీటర్ల నీళ్ళు కొంచెం కొంచెం తాగాం.

నలభై నిమిషాలకు ఒక బండి వచ్చింది. కారవాన్ లాగుతున్న ముసలి దంపతులు. ఆపమని మేము చెయ్యెత్తకముందే వేగం తగ్గించారు. కాసేపటికి రోడ్ ట్రైన్ డ్రైవర్ ఒకాయన కూడా ఆగి, వెనక గ్లెన్‌డాంబోలో ఉన్న రోడ్‌హౌస్‌లో, అంటే పెట్రోలు, తిండి దొరికే చోట, టైరు సిద్ధంగా పెట్టమని కబురు చెప్పాడు. ఆ పెద్దావిడ ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాక గానీ మా పేర్లు అడగలేదు. ఆ సిరీస్ రాసినవాళ్ళ మీద నాకు ఈ ఒక్క విషయంలో కోపం. అందులో ఆగిన ప్రతి బండి వెనకా ఏదో ఒక కుట్ర ఉన్నట్టు చూపించారు. నాలుగేళ్ళలో నాకు మనిషి కనపడి ఆగని బండి తారసపడలేదు.

హెలెన్ అనే ఆ ట్రైనీ పోలీసు మాత్రం అచ్చం అక్కడి మనిషి. పేరు కూడా తెలియనివాడి కోసం అంత తిరుగుతుంది చూడండి, అలాంటివాళ్ళు నాకు షాపు కౌంటరు అవతల రోజూ కనిపించేవారు. నేను చేరిన రెండో రోజుకే ‘కారు నడపడం రాని ఇండియా అమ్మాయి’ అని ఊరికి తెలిసిపోయింది. నెల తిరగకుండా ఒక రిటైర్డ్ రైల్వే ఆయన నాకు డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాడు.

ఒంటరితనం ఉంటుంది, లేదనను. ఆదివారం సాయంత్రం ఐదు దాటితే వీధిలో చప్పుడుండదు. మొదటి చలికాలం వంటింట్లో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. ఆసుపత్రిలో, వృద్ధాశ్రమాల్లో మలయాళీలు చాలామంది, తెలుగువాళ్ళం నాలుగైదు కుటుంబాలం. ఉగాదికి అందరం కార్లలో అడిలైడ్ వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళం, రానూపోనూ 600 కి.మీ. తమ్ముడు మాట తక్కువన్నారు. అక్కడి పెద్దవాళ్ళూ తక్కువే మాట్లాడతారక్కా. పక్కన కూర్చుని వినేవాడంటే వాళ్ళకి ప్రాణం.

చరిత్ర_మాస్టారు:

పద్మగారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. ఎక్కడెక్కడివాళ్ళో ఎడారి ఊరికి చేరడం ఆ నేలకు కొత్త కాదు. 1860ల నుంచి ఒంటెలతో పాటు మనుషుల్ని తెచ్చారు, నేటి పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, భారతదేశ ప్రాంతాల నుంచి. అందరినీ ‘అఫ్ఘాన్లు’ అనే పిలిచారు. రైలు రాకముందు లోపలి ఊళ్ళకు సరుకంతా వాళ్ళ ఒంటెల మీదే పోయింది. పోర్ట్ అగస్టాకు ఉత్తరాన మర్రీలో వాళ్ళు మట్టితో మసీదు కట్టుకున్నారు. ఇవాళ అడిలైడ్ నుంచి డార్విన్ పోయే ‘ద ఘాన్’ రైలు పేరు వాళ్ళదే.

ఎక్కడి నుంచీ రాకుండా మొదటి నుంచీ అక్కడే ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఫ్లిండర్స్ కొండలు అద్న్యమతన్హ అనే ఆదివాసీ ప్రజలవి, వేల ఏళ్ళుగా. తమ్ముడు పనిచేసే చోట ఆ పెద్దవాళ్ళు ఉండవచ్చు. మర్యాదగా అడిగి తెలుసుకోమనండి, కొండలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు.

కళ్యాణదుర్గం_అక్క:

పద్మా, నువ్వు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. టైరు దగ్గరికి రాగానే ‘స్టెప్నీలో గాలి చూసుకోవాలి’ అన్నాడు. వారం రోజుల్లో వాడు ఈ ప్రయాణం గురించి అన్న మొదటి మాట అది. నాలుగో ఎపిసోడ్ ఈ రాత్రికి వాడితో కలిసి చూస్తాను. ఇంకొక్కటి చెప్పు తల్లీ, చెనిగ్గింజల పొడి కట్టి పంపితే విమానాశ్రయంలో పారేస్తారా?

మందులషాపు_పద్మ:

పంపండక్కా. దిగేటప్పుడు ఇచ్చే కార్డులో తినే వస్తువులున్నాయని తప్పకుండా రాయమనండి. రాయకుండా దొరికితేనే జరిమానా, రాసి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు. షాపులో సీలు వేసిన ప్యాకెట్ అయితే ఇంకా మంచిది. వాడి నంబరు నాకు మెసేజ్‌లో పెట్టండి. నాకు డ్రైవింగ్ నేర్పిన పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు, ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్తాను.