నాన్నకి ఈ-రీడర్ కొనాలి, తెలుగు సరిగ్గా కనిపించేది ఏదైనా ఉందా?

మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నకి డెబ్బై రెండేళ్లు. విజయవాడ పుస్తకాల పండగకి వెళ్లారంటే రెండు సంచులు మోసుకురావాల్సిందే. బీరువాలు నిండిపోయి ఇప్పుడు బియ్యం డబ్బా మీద కూడా పుస్తకాలే. "ఇంకో పుస్తకం గుమ్మం దాటితే మా అన్నయ్య ఇంటికి పోతా" అని అమ్మ తేల్చి చెప్పేసింది.

ట్యాబ్ ఉంది గానీ, మేడ మీద ఎండలో తెరిస్తే అందులో ఆయన మొహమే కనిపిస్తుంది. పైగా ఐదు నిమిషాలకోసారి వాట్సాప్ మోగుతుంది, చదువు అక్కడితో సరి. ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర కాగితంలా బయటి వెలుతురుతోనే కనిపిస్తుందనీ, కరెంటు ప్రధానంగా పేజీ మారినప్పుడే తాగుతుంది కాబట్టి ఛార్జింగ్ రోజుల తరబడి ఆగుతుందనీ తెలుసు.

నా బెంగల్లా తెలుగు గురించే. ఆఫీసులో ఒకాయన దగ్గర పాత ఆరంగుళాల రీడర్ అడిగి తెచ్చి, స్కాన్ చేసిన పీడీఎఫ్ ఎక్కించా. అక్షరాలు ఆవగింజలంత! పెద్దవి చేస్తే సగం వాక్యం తెర బయటికి పోతోంది. స్కాన్ అంటే బొమ్మే కదా, లైన్లు సర్దుకోవు. ఈపబ్ (అక్షరాల సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తకం ఫైలు) పెడితే సైజు పెరిగింది గానీ, "స్త్రీ"లో సకారం ఒకచోట, ఒత్తులు ఇంకోచోట. నాన్న కళ్లజోడు పైకెత్తి, "ఇది తెలుగేనంట్రా?" అన్నారు.

కిండిల్ గానీ, కోబో గానీ తెలుగు చదవడానికి వాడుతున్నవాళ్లు ఉంటే చెప్పండి. కొత్త వాటిలో ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా? తెలుగు ఫాంటు మనమే ఎక్కించుకుంటే బాగుపడుతుందా? పీడీఎఫ్‌ల కోసం పదంగుళాలది తీసుకుంటే పడుకుని చదివేటప్పుడు చెయ్యి లాగుతుందా? ఆయన పడుకునే చదువుతారు, నిద్రలో మొహం మీద పడేసుకుంటారు కూడా. కాబట్టి బరువు కూడా చెప్పండి.